బెంగళూరులో పని చేస్తూ దెబ్బ తగిలితే: నష్టపరిహారం కోసం కార్మికుడు, ఓనరు వరుసగా చేయాల్సిన పనులు

పీణ్యలో పవర్ ప్రెస్ కింద వేళ్లు పోగొట్టుకున్న హిందూపురం కుర్రాడైనా, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్ సైటులో పైనుంచి జారిపడ్డ పాలమూరు సెంట్రింగ్ కూలీ అయినా, ఆసుపత్రి మంచం దగ్గర వినే మాట ఒకటే. "కేసూ గీసూ ఎందుకు, ఓనరు మంచోడు, చూసుకుంటాడులే." ఓనరు నిజంగానే మంచివాడు కావచ్చు. అయినా పనిలో దెబ్బ తగిలితే వచ్చే పరిహారం ఆయన దయ మీద ఆధారపడింది కాదు. ఎంత ఇవ్వాలో, ఎప్పటిలోగా ఇవ్వాలో, ఎవరి చేతికి ఇవ్వాలో చట్టం లెక్క కట్టి పెట్టింది. ఆ లెక్క తెలియక యాభై వేలకో లక్షకో తెల్లకాగితం మీద వేలిముద్ర వేసి ఊరికి వెళ్లిపోయే కుటుంబాలు మనవాళ్లలో చాలా ఉన్నాయి. బెంగళూరులో పనిచేసే తెలుగువాళ్ల కోసం, ఇక్కడ చిన్న వర్క్‌షాపులు, కాంట్రాక్టులు నడుపుకునే తెలుగువాళ్ల కోసం కూడా ఇది రాస్తున్నాను.

ముందుగా: మీకు వర్తించేది ఇఎస్ఐయా, నష్టపరిహార చట్టమా?

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. దారులు రెండున్నాయి, ఒకే దెబ్బకు రెండింట్లోనూ డబ్బు రాదు.

పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట, నెల జీతం 21,000 రూపాయల లోపు ఉంటే మీకు ఇఎస్ఐ (ఉద్యోగుల రాష్ట్ర బీమా) ఉండాలి. జీతంలో మీ వంతు 0.75 శాతం కోస్తారు, ఓనరు 3.25 శాతం కలిపి కడతాడు. పే స్లిప్పులో ఆ కోత కనబడితే సంతోషమే, కానీ అక్కడితో ఆగకండి. కోసిన డబ్బు కట్టకుండా జేబులో వేసుకునే కాంట్రాక్టర్లు ఉన్నారు. మీ ఇన్సూరెన్స్ నంబరు అడిగి తీసుకుని, ఇఎస్ఐ పోర్టల్‌లోనో ఉమంగ్ యాప్‌లోనో ప్రతి నెలా డబ్బు జమ అయిందో లేదో చూసుకోండి. దెబ్బ తగలకముందే చేయాల్సిన పని ఇది.

ఇఎస్ఐ ఉన్నవాళ్లకు పనిలో దెబ్బ తగిలితే కనీసం ఇన్ని నెలలు డబ్బు కట్టి ఉండాలన్న నిబంధన లేదు, చేరిన మొదటి రోజు నుంచే రక్షణ ఉంటుంది. పనికి వెళ్లలేని రోజులకు సగటు కూలిలో 90 శాతం వస్తుంది. శాశ్వత వైకల్యం మిగిలితే ఆ శాతాన్ని బట్టి బతికున్నంతకాలం నెలనెలా పింఛను. మనిషి పోతే భార్యాపిల్లలకు పింఛను. రాజాజీనగర్, ఇందిరానగర్, పీణ్యల్లో ఇఎస్ఐ ఆసుపత్రులున్నాయి. ఓనరు చేత యాక్సిడెంట్ రిపోర్టు పంపించి, దాని కాపీ దగ్గర పెట్టుకోండి. కాపీ లేకపోతే ఆరు నెలల తర్వాత అది పనిలో తగిలిన దెబ్బే కాదని వాదన మొదలవుతుంది. ఇంకో సంగతి: ఇఎస్ఐ నుంచి ఈ వైకల్య భత్యం తీసుకుంటున్న రోజుల్లో మిమ్మల్ని పనిలోంచి తీసేయకూడదు.

ఇఎస్ఐ లేనివాళ్లకు, అంటే మన భవన నిర్మాణ కూలీల్లో ఎక్కువమందికి, చిన్న వెల్డింగ్ షాపుల్లోని వాళ్లకు, లారీ డ్రైవర్లకు, క్లీనర్లకు రెండో దారి ఉంది. అదే 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. దాంతో ఈ చట్టం సామాజిక భద్రత కోడ్‌లో ఒక అధ్యాయంగా కలిసింది. లెక్క కట్టే పద్ధతి, ఓనరు బాధ్యత పాత చట్టంలో ఉన్నట్టే సాగుతున్నాయి. అంతకుముందు జరిగిన ప్రమాదాలకు పాత చట్టమే. కింద ఇచ్చిన అంకెలన్నీ 1923 చట్టం కింద స్థిరపడినవి. కొత్త నోటిఫికేషన్ వస్తే జీతం పరిమితి వంటివి మారతాయి కాబట్టి అర్జీ వేసేముందు వకీలుతో ఒకసారి సరిచూపించుకోండి.

మొదటి రోజు: ఆసుపత్రి చీటీలో ఏం రాస్తారన్నదే ముఖ్యం

నా లెక్కన కేసు గెలవడం, ఓడటం సగం ఈ ఒక్క రోజే తేలిపోతుంది.

పీణ్యలో ఎక్కువగా జరిగే సంగతి చెబుతాను. ప్రెస్ డై కిందికి దిగేటప్పుడు పీసు సరిచేయబోయి కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు తెగిపోతాయి. సూపర్‌వైజరు తువ్వాలు చుట్టి, ఆటోలో పక్కనున్న నర్సింగ్ హోంకు తీసుకెళతాడు. డాక్టరు "ఎలా తగిలింది?" అని అడగ్గానే సూపర్‌వైజరే ముందు అందుకుంటాడు: "బైకు చైనులో పడింది సార్." కన్నడలో చెప్పేసరికి కుర్రాడికి సగం అర్థం కాదు, నొప్పిలో పట్టించుకోడు కూడా. చీటీ మీద ఆ మాటే ఎక్కుతుంది. పోలీసులకు సమాచారం వెళ్లదు, ఫ్యాక్టరీ పేరు ఎక్కడా ఉండదు. ఏడాది తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు కోర్టులో చూపించేది ఆ చీటీనే.

అందుకే డాక్టరుకు మీ నోటితో మీరే చెప్పండి: ఏ ఫ్యాక్టరీ, ఏ మిషను, ఎన్ని గంటలకు. తెలుగులో చెప్పినా ఫర్వాలేదు, బెంగళూరు ఆసుపత్రుల్లో తెలుగు తెలిసిన నర్సో వార్డుబాయో దొరక్కపోరు. "ఎంఎల్‌సీ రాయండి" అని గట్టిగా అడగండి. మెడికో లీగల్ కేసుగా రాస్తే ఆసుపత్రే పోలీసులకు సమాచారం పంపుతుంది. విక్టోరియా, బౌరింగ్, జయనగరలోని సంజయ్ గాంధీ ట్రామా ఆసుపత్రి వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇది మామూలు పనే. మీరు స్పృహలో లేకపోతే ఈ పని చేయాల్సింది మీతో వచ్చిన తోటి కూలీ. ఆ మాట ఇవాళే మీ గదిలోవాళ్లకు చెప్పి ఉంచండి.

అదే రోజు, కుదరకపోతే మర్నాడు, ఇంకొన్ని పనులు చేయాలి. ప్రమాదం జరిగిన చోటు ఫొటోలు, గార్డు లేని మిషను, కట్టు విరిగిన పరంజా ఫోనులో తీసుకోవాలి. సైట్ ఇంజనీరుకో సూపర్‌వైజరుకో వాట్సాప్‌లో జరిగింది రాయాలి. రాయడం రాకపోతే వాయిస్ మెసేజ్ చాలు, తేదీ, టైము దానంతటదే పడుతుంది. చూసినవాళ్ల పేర్లు, వాళ్ల ఊళ్లు, ఫోన్ నంబర్లు రాసుకోవాలి. సైటు కూలీలు నెల తిరిగేసరికి ఇంకో సైటుకో ఊరికో వెళ్లిపోతారు, ఆ తర్వాత వెతికినా దొరకరు.

మీరు అక్కడ పనిచేశారని చూపించడం

"ఇతనెవరో మాకు తెలియదు" అన్నది ఓనరు వైపు నుంచి వచ్చే మొదటి వాదన. అపాయింట్‌మెంట్ లెటరు ఎవరిదగ్గరా ఉండదు. కొత్త కార్మిక కోడ్‌ల ప్రకారం ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి, అడగండి. ఇవ్వకపోతే మిగతా ఆధారాలు పోగేయండి: గేటు పాసు, హెల్మెట్ మీద కంపెనీ పేరుతో సైటులో దిగిన ఫొటో, హాజరు పుస్తకంలో మీ పేరున్న పేజీ ఫొటో, మేస్త్రీ ఫోన్‌పేలో వేసిన వారపు కూలి. ఈ చివరిది చాలా బలమైనది. చేతికి నగదు ఇస్తానన్నా "ఫోనుకు వేయన్నా" అని అలవాటు చేయండి.

ఒక్క రోజు కూలికి వచ్చినా వర్తిస్తుందా? వర్తిస్తుంది. అప్పుడప్పుడు పనిచేసే క్యాజువల్ కూలీలను చట్టం పరిధి నుంచి తప్పించే మాటలు 2000లోనే తీసేశారు.

మేస్త్రీ, కాంట్రాక్టరు, బిల్డరు: బాధ్యత ఎవరిది?

మనవాళ్లు గుంపు మేస్త్రీతో వస్తారు. ఆ మేస్త్రీ సబ్ కాంట్రాక్టరు దగ్గర, ఆ సబ్ కాంట్రాక్టరు కంపెనీ కాంట్రాక్టరు దగ్గర, ఆయన బిల్డరు దగ్గర పని తీసుకుంటాడు. దెబ్బ తగిలాక ప్రతివాడూ పక్కవాడి వైపు చేయి చూపిస్తాడు. చట్టం ఈ దారిని మూసేసింది. తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టుకు ఇచ్చినా, కూలీకి పరిహారం ఇవ్వాల్సిన బాధ్యత అసలు యజమానిదే. ఆ తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవడం ఆయన పని. కాబట్టి అర్జీలో మేస్త్రీ పేరొక్కటే రాసి ఊరుకోవద్దు. మేస్త్రీ దగ్గర వసూలు చేయడానికి ఏమీ ఉండదు, పైగా అతను మన ఊరివాడే. కాంట్రాక్టరు, బిల్డరు, వాళ్ల ఇన్సూరెన్స్ కంపెనీ, అందరినీ ప్రతివాదులుగా చేర్చండి. సైటు ముందు బోర్డు ఫొటో తీస్తే బిల్డరు, కాంట్రాక్టరు పేర్లు అందులోనే దొరుకుతాయి.

మీ తప్పు ఉన్నా పరిహారం వస్తుంది

"నువ్వే అజాగ్రత్తగా ఉన్నావు కదా" అని ఓనరు అంటే తలదించుకోవద్దు. ఈ చట్టంలో ఓనరు తప్పు చేశాడని నిరూపించాల్సిన పని లేదు. పని వల్ల, పని సమయంలో దెబ్బ తగిలిందా అన్నదొక్కటే ప్రశ్న. తాగి ఉండటం, భద్రత కోసం ఇచ్చిన స్పష్టమైన ఆదేశాన్ని కావాలని ధిక్కరించడం, రక్షణ గార్డును కావాలని తీసేయడం, ఈ మూడింట్లో ఏదో ఒకదాని వల్ల దెబ్బ తగిలితేనే పరిహారం పోతుంది. మనిషి చనిపోయినా, పూర్తి శాశ్వత వైకల్యం వచ్చినా ఆ మినహాయింపులు కూడా పనిచేయవు.

ఇంటి నుంచి పనికి వెళ్లే దారిలో జరిగిన ప్రమాదం సంగతీ తెలుసుకోండి. సమయం, చోటు, పరిస్థితి పనితో ముడిపడి ఉంటే అది కూడా లెక్కలోకి వస్తుందని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది, కొత్త కోడ్‌లోనూ అదే ఉంది. తెల్లవారుజామున షిఫ్టుకు బొమ్మసంద్ర వైపు బైకులో వెళ్లేవాళ్లకు ఇది పెద్ద మాట. రోడ్డు ప్రమాదమైతే మోటారు వాహనాల చట్టం కింద కూడా అడగవచ్చు, కానీ రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి. ఏది లాభమో వకీలు లెక్క వేసి చెబుతాడు.

ఎంత వస్తుంది: లెక్క మీరే వేసుకోండి

ముందు నెల జీతం. రోజుకూలీ అయినా నెలకు కట్టి చూస్తారు. 2020 జనవరి 3 నాటి నోటిఫికేషన్ ప్రకారం ఎంత సంపాదించినా లెక్కకు తీసుకునేది గరిష్ఠంగా 15,000 రూపాయలే. రోజుకు తొమ్మిది వందలు తీసుకునే బేల్దారి మేస్త్రీకి కూడా 15,000గానే లెక్క. ఇది తక్కువేనని నేనూ అంటాను, కానీ ప్రస్తుతం ఉన్నది అదే.

తర్వాత వయసు. ఒక్కో వయసుకు చట్టంలో ఒక గుణకం ఉంది. 25 ఏళ్లకు 216.91, 30కి 207.98, 35కి 197.06, 40కి 184.17.

మనిషి చనిపోతే నెల జీతంలో 50 శాతాన్ని ఆ గుణకంతో హెచ్చవేయాలి. ముప్ఫై ఏళ్లవాడు, జీతం 15,000 అనుకుంటే 7,500ను 207.98తో హెచ్చవేస్తే 15,59,850 రూపాయలు. పూర్తి శాశ్వత వైకల్యమైతే 60 శాతం, అంటే 9,000ను 207.98తో హెచ్చవేస్తే 18,71,820.

కొంత వైకల్యమైతే ఈ రెండో అంకెలో శాతం చూస్తారు. బొటనవేలు పోతే 30 శాతం, చూపుడువేలు మొత్తం పోతే 14, ఒక చేతికి రెండు వేళ్లు పోతే 20, ఒక కన్ను పోయి రెండోది బాగుంటే 40 అని పట్టికలో ఉంది. పైన చెప్పిన ప్రెస్ కుర్రాడికి ముప్ఫై ఏళ్లయితే 20 శాతం కింద 3,74,364 రూపాయలు. మంచం దగ్గర చేతిలో పెట్టే యాభై వేలను దీంతో పోల్చి చూడండి.

పట్టికలో లేని దెబ్బలకు, అంటే వెన్నెముక విరగడం, కాలు అతికినా వంగకపోవడం వంటి వాటికి, సంపాదించే శక్తి ఎంత తగ్గిందో డాక్టరు తేల్చాలి. ఇక్కడ చాలామంది నష్టపోతారు. డాక్టరు చెప్పే అవయవ వైకల్య శాతం వేరు, మీ పనికి జరిగిన నష్టం వేరు. ఎడమ చేయి మోచేతి పైన పోయిన ఒక వడ్రంగి కేసులో సుప్రీంకోర్టు, ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అది అతనికి పూర్తి వైకల్యమేనని యాభై ఏళ్ల కిందటే తేల్చింది. పరంజా ఎక్కాల్సిన మనిషికి మోకాలు వంగకపోతే ఏమవుతుందో డాక్టరు చేత సర్టిఫికెట్‌లో రాయించండి, కోర్టులో సాక్ష్యం చెప్పడానికి ఆయన రావాలని కూడా ముందే మాట్లాడుకోండి.

వయసు దగ్గర ఒక హెచ్చరిక. ఆధార్‌లో జనవరి ఒకటి అని ఏదో ఒక సంవత్సరం వేయించుకున్నవాళ్లు మనలో ఎందరో. ముప్ఫై ఏళ్ల మనిషికి ఆధార్‌లో ముప్ఫై అయిదు ఉంటే మరణ పరిహారంలో 81,900 రూపాయలు తగ్గుతాయి. స్కూలు సర్టిఫికెట్ ఉంటే వెతికి పెట్టండి.

చికిత్సలో ఉన్న రోజులకు, దెబ్బ తాత్కాలికమైనా, పదిహేను రోజులకోసారి నెల జీతంలో 25 శాతం ఇవ్వాలి. పదిహేను వేల జీతానికి ప్రతి పక్షానికీ 3,750. మూడు రోజుల్లోపు తగ్గిపోయే దెబ్బలకు రాదు. 28 రోజులు లేదా అంతకంటే ఎక్కువైతే మొదటి రోజు నుంచీ లెక్క. ఆసుపత్రి బిల్లు ఓనరు విడిగా భరించాలి. "ఆసుపత్రికి రెండు లక్షలు పెట్టాను, పరిహారంలోంచి కోసుకుంటాను" అంటే కుదరదు.

మనిషి పోయినప్పుడు

ఇంట్లో ఏడుపులు ఆగకముందే ఎవరో ఒకరు కాగితాలు తెస్తారు. అప్పుడు ఈ మూడు గుర్తుంచుకోండి. పోస్టుమార్టం జరగాలి, ఎఫ్ఐఆర్‌లో సైటు పేరు ఉండాలి. మరణ పరిహారం ఓనరు నేరుగా కుటుంబం చేతికి ఇవ్వకూడదు, ఈ చట్టం కింద నష్టపరిహార కేసులు వినే అధికారి దగ్గర జమ చేయాలి. చేతికి ఇచ్చింది, మూడు నెలల కూలికి మించని అడ్వాన్సు తప్ప, పరిహారం కింద లెక్కకు రాదు. అంటే బయట రాజీ చేసుకుని సంతకం పెట్టినా మీ హక్కు పోలేదు, ఇప్పటికీ అడగవచ్చు. అధికారి దగ్గర రిజిస్టరు కాని ఒప్పందం మీ క్లెయిమును ఆపలేదు. ఇదివరకే వేలిముద్ర వేసి వచ్చినవాళ్లు ఈ మాట రెండుసార్లు చదవండి.

పీఎఫ్ ఉంటే అది వేరే దారి. ఉద్యోగంలో ఉండగా చనిపోతే ఇడిఎల్ఐ కింద 7 లక్షల వరకు బీమా, భార్యకు పింఛను ఉంటాయి. మరణం, వైకల్యం వచ్చినప్పుడు గ్రాట్యుటీకి అయిదేళ్లు నిండాలన్న నియమం వర్తించదు. ఇవేవీ నష్టపరిహారాన్ని తగ్గించవు.

అర్జీ ఎక్కడ, ఎలా?

ప్రమాదం లేదా మరణం జరిగిన రెండేళ్లలోపు వేయాలి. ఆలస్యమైతే తగిన కారణం చూపించి మన్నించమని అడగవచ్చు గానీ, ఆ పరిస్థితి తెచ్చుకోకండి.

మన కుటుంబాలకు ఎంతో ఉపయోగపడే విషయం: ప్రమాదం బెంగళూరులో జరిగినా, కుటుంబం ఉండే ఊరి పరిధిలోనే అర్జీ వేయవచ్చు. అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్‌లలో ఈ కేసులు కార్మిక శాఖ అధికారులు విన్నారు. బెంగళూరులో మాత్రం మోటారు ప్రమాద కేసులు చూసే స్మాల్ కాజెస్ కోర్టులకు ఈ పని అప్పగించారు. బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవన్‌లో సలహా, ఫిర్యాదు సాయం దొరకవచ్చు, అర్జీ వేయాల్సిన చోటు మాత్రం వకీలు చేత నిర్ధారించుకోండి. ఊళ్లో వేస్తే బస్సు చార్జీలు, కూలి మిగులుతాయి, విచారణ తెలుగులో అర్థమవుతుంది. సాక్షులందరూ బెంగళూరులోనే ఉంటే ఇక్కడ వేయడమే మేలు. చిన్నపిల్లలతో ఉన్న భార్య అర్జీదారైతే నేను ఊరికే మొగ్గుతాను.

వకీలుకు డబ్బు లేదని ఆగిపోకండి. మహిళలు, ఎస్సీ ఎస్టీలు, కార్మికులు, వికలాంగులు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు, బెంగళూరులో రాష్ట్ర న్యాయ సేవల ప్రాధికార ఆఫీసు న్యాయ దేగుల భవనంలో ఉంది. పర్సెంటేజీ మాట్లాడుకునే వకీలు దగ్గరకు వెళితే, పరిహారం మీ బ్యాంకు ఖాతాకే వస్తుందని ముందే స్పష్టం చేసుకోండి. ఖాళీ చెక్కుల మీద సంతకం చేయవద్దు.

ఓనరుగా మీరు చేయాల్సినవి

ఆరుగురితో ఫ్యాబ్రికేషన్ షాపు పెట్టుకున్నా, నలభై మందితో సివిల్ కాంట్రాక్టు చేసినా, ఇఎస్ఐ లేని ప్రతి మనిషికీ ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ తీసుకోండి. మార్కెట్లో దీన్ని ఇంకా డబ్ల్యూసీ పాలసీ అనే అంటారు. ప్రీమియం తగ్గుతుందని పది మందికి నలుగురినే చూపడం, పదిహేను వేల జీతాన్ని ఎనిమిది వేలుగా రాయడం చేస్తే, ప్రమాదం రోజున ఆ తేడా మీ జేబులోంచే పోతుంది. వైద్య ఖర్చుల కవరు విడిగా అడిగి చేర్పించండి, మామూలు పాలసీలో అది ఉండకపోవచ్చు.

పనిలో చేర్చుకునేటప్పుడే ఈ హక్కుల గురించి కార్మికుడికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలి. ఇవ్వకపోతే జరిమానా ఉంది. మరణం, తీవ్ర గాయం జరిగితే ఏడు రోజుల్లో అధికారికి రిపోర్టు పంపాలి. ప్రమాదం రోజున "బైకు యాక్సిడెంట్" అని రాయించడం మీకు రక్షణ అనిపిస్తుంది గానీ, ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిము తిరస్కరించడానికి కూడా అదే పనికొస్తుంది. అప్పుడు మొత్తం భారం మీదే.

డబ్బు ఒక నెలలోపు ఇవ్వకపోతే ఏటా 12 శాతం వడ్డీ, సరైన కారణం లేని ఆలస్యానికి అదనంగా 50 శాతం వరకు పెనాల్టీ పడతాయి. ఆ పెనాల్టీని ఇన్సూరెన్స్ కంపెనీ కట్టదు. 15,59,850 మీద ఏడాది వడ్డీయే 1,87,182 రూపాయలు. ఎంత ఇవ్వాలన్న దాని మీద పేచీ ఉంటే, మీరు ఒప్పుకునే మొత్తాన్ని ముందు జమ చేసి, మిగతా దాని మీద వాదించుకోండి.

తీర్పు మీకు వ్యతిరేకంగా వస్తే హైకోర్టుకు వెళ్లడానికి 60 రోజుల గడువుంది. తీర్పు మొత్తాన్ని ముందు జమ చేస్తేనే అప్పీలు తీసుకుంటారు. కార్మికుడి వైపు నుంచి చూస్తే, ఓనరు అప్పీలుకు వెళ్లాడంటే డబ్బు అప్పటికే జమ అయిందని అర్థం. వెంటనే వకీలు చేత కొంత భాగం తీసుకోవడానికి అనుమతి కోరుతూ అర్జీ వేయించండి. ఓనరు అప్పీలుకూ వెళ్లక, డబ్బూ కట్టకపోతే, భూమి శిస్తు బకాయిలా వసూలు చేయమని అధికారిని కోరాలి. అప్పుడు రెవెన్యూ శాఖ అతని ఆస్తుల మీదికి వెళుతుంది. అందుకోసం సైటు అడ్రసు, షాపు అడ్రసు, తెలిసిన బ్యాంకు ఖాతా వివరాలు ఆ అర్జీతోనే ఇవ్వండి.